లచ్చన్న సగంల ఇడిసిన లడాయి

ఏం జూస్తున్నవ్‌రా సురేందరూ, ఫోన్ల గంత ఢాంఢాం అంటున్నది? సప్పుడు తక్వ జెయ్యి, శుక్రారం పూట పక్క రూమోళ్లు ఒక కన్ను పండుతరు. ఏంది, అమెరికా లడాయా? ఇప్పటిదా, పాతదా? ఓహో... వాళ్లల్ల వాళ్లే రెండు తుకుడలై కొట్టుకున్నది. మనిషిని మనిషి కొనుక్కునుడు ఉండాల్నా వద్దా అని. గది నాకెరుకేరా. నవ్వుతున్నవా? ఏడో తరగతి కాడ బడి ఇడిసిపెట్టిన రఘుపతి ముసలోనికి అమెరికా ముచ్చటెట్ల ఎరుక అనుకుంటున్నవ్. లచ్చన్న చెప్పిండు. ఏ లచ్చన్న అంటే... నీకు తెల్వదు తీయ్, నువ్వప్పుడు నిక్కర్ల ఉంటివో ఏమో. ఇదే ఘాలా ఏరియా, కానీ గీ క్యాంపు కాదు. గ్యారేజీల ఎనుక రేకుల క్యాంపు ఉండె, ఇప్పుడు గండ్ల గోదాములు కట్టిండ్రు. ఇరవై ఏండ్లు దాటింది. జర గా చాయ్ గిలాస ఇటియ్యి, చెప్త.

లచ్చన్నది కోరుట్ల దిక్కు. ఒగ్గు కథలోళ్ల ఇల్లు వాళ్లది. తండ్రి కథ చెప్తుంటే మూడూర్ల జనం బండ్లు కట్టుకొని వచ్చెటోళ్లట. కొడుకును మాత్రం సదువుమన్నడు. ఈయన డిగ్రీ రెండేండ్లు సదివిండు, హిస్టరీల మంచి మార్కులు, ఇంగ్లీషు కాడ బోల్తా. మళ్ల రాసిండు, మళ్ల బోల్తా. ఇగ ఏం జేస్తడు, పాస్‌పోర్టు తీసిండు, ఒమన్ల కడ్డీలు కట్టెటానికి వచ్చిండు. వచ్చిన్నాడు పెట్టె ఇప్పితే మామిడికాయ తొక్కు, రెండు లుంగీలు, అండ్ల కింద హిస్టరీ నోట్సు. నేను నవ్విన. 'కడ్డీలకు గిది దేనికే లచ్చన్నా' అన్న. 'సదివింది కూలికి పనికి రాకపోయినా కూసుంటే తోడుంటది' అన్నడు. మనిషి ఎండుకట్టె, గొంతు మాత్రం మైకు అవసరం లేదు. నాకంటే మూడేండ్లు పెద్ద. నాకు పని నేర్పింది ఆయననే, తీగ ఎట్ల మెలెయ్యాలె, వేళ్లు ఎట్ల కాపాడుకోవాలె అని. ఇగో సూడు, నా పది వేళ్లు మంచిగున్నయంటే ఆయన పుణ్యమే.

ఆఁ, కథ. శుక్రారం మనకు సుట్టి గదా. వండుకొని, తిని, బట్టలు పిండి ఆరేసినంక రెండింటికి మొదలువెట్టేది. డోలు యాడిది ఈడ? ఖాళీ పెయింటు బకీట బోర్లేసి గదే వాయించేది. నన్ను వంతకు కూసోవెట్టుకున్నడు. వంతగాని పని ఏందో ఎరుకేనా? చెప్పెటోడు ఒక్కడే చెప్పుకుంట పోతే జనం గురకలు వెడ్తరు. వంతగాడు పక్కపొంటి ఉండి 'అవు' అనాలె. నడుమ నడుమ 'గదెట్ల లచ్చన్నా?' అని అడగాలె. అవు అంటే కథ ముంగటికి పోతది, గదెట్ల అంటే ఆడ ఆగి ఇప్పి చెప్తడు. గంతే పని. నాకు రెండూ మంచిగనే వచ్చినయ్. మొదాలు మల్లన్న కథ చెప్పిండు, బీరప్ప కథ చెప్పిండు. అవి ఒడిసినంక నోట్సు తీసి అమెరికా మీద పడ్డడు. 'రాజ్యం ఒక్కటే, జెండా ఒక్కటే!' 'అవు!' 'మాట మాత్రం రెండు!' 'గదెట్ల లచ్చన్నా?' 'ఉత్తరం దిక్కు కార్ఖానాలు, దక్షిణం దిక్కు పత్తి. గా పత్తి ఎవలేరాలె? సముద్రాలవతలికెల్లి పడవలల్ల కట్టేసుకొచ్చి, అంగట్ల పండ్లు జూసి, జబ్బలు ఒత్తి జూసి కొన్న మనుషులు ఏరాలె. తల్లిని ఒకడు కొంటడు, పిల్లను ఇంకొకడు కొంటడు!' పత్తి అనంగనే కొందరు తమ గోర్ల దిక్కు జూసుకున్నరు. మనకు పత్తి ఎరుకే గదా. కాయ మొన గోరు సందుల గుచ్చుకుంటే ఎట్లుంటదో అమెరికోడు చెప్పాల్నా మనకు?

రూంల పన్నెండు మందిమి. కిటికి దిక్కు మంచాలోళ్లు ఉత్తరం, తలుపు దిక్కు మంచాలోళ్లు దక్షిణం అని ఆయననే పేర్లు వెట్టిండు, ఆటకు. నేను ఉత్తరమే. దక్షిణానికి పెద్ద ప్రభాకర్, పైపులేసెటోడు, సిరిసిల్లాయన. వాడు ఊకె ఉండెటోడు కాదు. 'అరే లచ్చన్నా, గా దొర పైసలు వోసి కొన్నడు గదనే, ఊరికే ఇడువుమంటే ఎట్లిడుస్తడు? నీ బర్రెను నువ్విడుస్తవా?' అనెటోడు. మా దిక్కోళ్లు ఇంతెత్తు లేసి తిట్టేది, ఓసారి చెప్పు ఇసిరిండ్రు, వాడు దాన్ని క్యాచ్ వట్టి పండ్లికిలిచ్చిండు. గట్ల ఏడెనిమిది శుక్రారాలు నడిచింది. పక్క రూములోళ్లు సుత తలుపుల కాడ నిలవడి వినేది.

ఒక శుక్రారం గా చట్టం ముచ్చట చెప్పిండు. ఏందంటే, దక్షిణంల కొని పనికి వెట్టిన మనుషులు ఉరికి ఉత్తరంకు వస్తున్నరట, రాత్రులు నడిచి, చెరువులల్ల దాక్కొని. గప్పుడు సర్కారు చట్టం తెచ్చిందట. ఉరికొచ్చినోళ్లను ఉత్తరపోళ్లే పట్టి ఒప్పజెప్పాలె, అన్నం బెట్టినా జుర్మానా, చోటిచ్చినా జైలు. లచ్చన్న బకీట వాయించుడు ఆపిండు. 'లడాయి ఫిరంగితోని మొదలు కాలేదురా నాయినా. గీ చట్టం కాడ మొదలైంది. అప్పటిదాక ఉత్తరపోళ్లు మాకేం సంబంధం, ఎవల పాపం వాళ్లది అనుకుంట బతికిండ్రు. ఇప్పుడు ఉరికొచ్చిన మనిషి మన గడప మీద నిలవడ్డది. పట్టియ్యాల్నా, బువ్వ వెట్టాల్నా?' అన్నడు. కొందరైతే కండ్లు తుడుసుకున్నరు. నేనూ తుడుసుకున్న, అవద్దమెందుకు. 'వచ్చే శుక్రారం ఫిరంగి' అన్నడు.

వచ్చే శుక్రారం వచ్చింది. తిన్నం, కూసున్నం. 'సముద్రం నడుమ ఓ కోట' అన్నడో లేదో, బయట ట్యాంకర్ హారన్. క్యాంపుకు నీళ్లు తెచ్చే హసన్, ఈడి మనిషే, ముసలాయన, మంచోడు. ట్యాంకర్ల ఆయన పక్కన ఓ ఆడామె. ఎండల రోడ్డు పొంటి నడుస్తుంటే ఎక్కించుకున్నడట. మా మాటలు రోజు వింటడు గదా, ఆమె మాట వినంగనే మా దేశమామె అని గుర్తు వట్టిండు. 'యే తుమారా సిస్టర్, తుమ్ దేఖో' అని దింపి పోయిండు, నీళ్లు సుత పోసుడు మరిసిండు. ఆమెకు ముప్పై ఏండ్లుంటయ్, రెండు కాళ్లకు రెండు తీర్ల చెప్పులు. పేరు రమణి, గోదావరి జిల్లా. 'మూడిళ్లు మార్చేశారండి నన్ను. ఏజెంటు ఒకళ్లకిచ్చాడండి, ఆళ్లు ఇంకోళ్లకిచ్చేశారండి, ఈళ్లేమో డబ్బులు కట్టి తెచ్చుకున్నాం ఎక్కడికెళ్తావంటారండి. నన్నడిగినోళ్లు లేరండి. ఇంటికి ఫోను చేసి ఏడాదైపోయిందండి. రేపు పొద్దున్న ఎంబసీ తీస్తారంట, నేనే వెళ్లిపోతానండి. ఈ ఒక్క రాత్రి ఉండనివ్వండి బాబూ.' గట్ల అన్నది. మేం బువ్వ వెట్టినం. తిన్నది. తిని, మేం బయట మాట్లాడుకుంటుంటే, ఎవలు చెప్పలే, మా పన్నెండు మంది గిన్నెలు ముంగటేసుకొని తోముడు వెట్టింది.

బయట ఏమైందంటే... వీసా ఇచ్చిన కఫీల్ కాడికెల్లి ఉరికినోళ్లను మనం ఖల్లివల్లి అంటం గదా. దాసిపెడితే దాసినోని మీద సుత కేసే. గది అందరికెరుకే. గా నెలల పక్క క్యాంపులకు పోలీసులు వచ్చి బతాకా కార్డులు జూసి పోయిండ్రు. నాది వీసా రెన్యువల్ కాలే, ఆఫీసుల పడున్నది. లచ్చన్నకు నాలుగేండ్లకు సుట్టి దొరికింది, పాస్‌పోర్టు చేతికొచ్చింది, తొమ్మిది రోజులల్ల విమానం. తల్లి మంచంల ఉన్నది, కొడుకును జూసే పోతనంటున్నది. సగం మంది దాద్దామన్నరు, సగం మంది వద్దన్నరు. ఎవలెవలు ఎటున్నరో చెప్తే నువ్వు నమ్మవు. చెప్పు ఇసిరి తిట్టిన మా ఉత్తరపోళ్లే ఎక్కువ మంది వద్దన్నరు. ప్రభాకర్, వాడే, బర్రె ముచ్చట చెప్పినోడు, ముంగటికొచ్చి 'నా మంచానికి దుప్పట్లు కట్టుర్రి, అండ్ల పండుతది. మనం పన్నెండు మందిమి వరండల పండుదాం. పొద్దుగాల్ల నేనే తీస్కపోత' అన్నడు. ఒకడు పోలీసులంటడు, ఒకడు దేవుడంటడు, తెగలే. ఆఖరికి అందరు లచ్చన్న దిక్కు జూసిండ్రు. కథ ఆయనది గదా, మాట ఆయనదే.

లచ్చన్న గోడకు ఒరిగి కాళ్ల దిక్కు జూసుకుంట నిలవడ్డడు. అటెనుక అన్నడు, 'కథ వేరు, కేసు వేరు. ఒక్కామె కోసం పన్నెండు సంసారాలు ఆగం కావద్దు. క్యాంపు బాస్‌కు చెప్పాలె. ఆ ఇంటోళ్లే వచ్చి తీస్కపోతరు.' అని నా దిక్కు తిరిగిండు. అందరి దిక్కు కాదు, నా దిక్కు. నేను 'అవు' అన్న.

అలవాటుల పడి అన్న అనుకుంటివా? ఇన్నేండ్లు గట్లనే అనుకున్న, ఇండ్లకు పోయినోళ్లకు సుత గట్లనే చెప్పిన. కాదు. భయమైంది. నా వీసా యాదికొచ్చింది. ఆయన అన్నడు గదా, పాపమైతే ఆయనకు, నాదేమున్నది అనుకున్న. గది నిజం. నేను అవు అనంగనే ఇంక ఇద్దరు ముగ్గురు అవు అన్నరు, ముచ్చట ఒడిసింది. ప్రభాకర్ 'థూ' అని ఉమ్మిండు, నేల మీదనే గనీ, ఎవని మీదికో అందరికెరుకే. క్యాంపు బాస్ ఎవలెవలినో అడిగి ఆ ఇంటికి ఫోన్ కొట్టిండు, గంటన్నరల కారు వచ్చింది. ఇంటామెనే వచ్చింది, వెంట డ్రైవరు. కొట్టలే, తిట్టలే, కారు తలుపు తీసి నిలవడ్డది. రమణి ఏడ్వలే, బతిలాడలే. చేతులు కొంగుకు తుడుసుకుంట లోపటికెల్లి వచ్చి నన్నే అడిగింది. 'గిన్నెలు ఎక్కడ సర్దమంటారండి?' అని. నేను 'ఆడనే ఉండనియ్యమ్మా' అన్న. పోయి కార్ల కూసున్నది.

ఇగ లడాయి గప్పుడైంది మా రూంల. ప్రభాకర్ బకీటను తన్నితే గోడకు తాకి వలిగింది. స్టవ్ తీసి తన మంచం కాడ వెట్టుకున్నడు. 'మీ చేతి బువ్వ తినను' అన్నడు. వానెంట నలుగురు పోయిండ్రు. మెస్సు రెండైంది, రెండు సిలిండర్లు, రెండు ఉప్పు డబ్బాలు. ఎనిమిది నెలలు ఒక్క రూంల పండుకుంట మాట లేదు. సైటు మీద సుత్తె కావాల్నంటే బెంగాలోనితోని అడిగిచ్చుకునేది. శనివారం ప్రభాకర్ ఒక్కడే ఎంబసీకి పోయిండు, కారు నంబరు రాసి పెట్టుకున్నడు వాడు. ఎంబసీ వాళ్లు మంచిగనే ఇన్నరట, ఫోన్లు కొట్టిండ్రట. గా ఇంటోళ్లేమో, ఆమె మా కాడ లేదు, ఇబ్రి దిక్కు మా సుట్టాలింటికి పంపినం అన్నరట. నాలుగో ఇల్లన్నట్టు. గంత వరకే తెలిసింది.

లచ్చన్న... ఇంటికి పోలేదురా. విమానం పోయింది, ఆయన పోలే. దేని కోసమైతే ఆమెను పంపిండో గదే ఇడిసిపెట్టిండు. ఆఫీసుకు పోయి 'నన్ను ఇబ్రి సైటుకెయ్యుర్రి' అని అడుక్కున్నడు. ఇబ్రికి ఎవలు పోతరు గప్పుడు, మూడొందల కిలోమీటర్లు, ఎండ, తోడు లేదు. మేనేజరే 'పాగల్ హై క్యా' అన్నడు. మూడేండ్లున్నడు ఆడ. ప్రతి శుక్రారం దుకాణాలు తిరిగి అడిగేదట, తెలుగామె, పేరు రమణి, చూసిండ్రా అని. కిరాణం కాడి మహబూబీ అనే కడప ఆమె ఒక్కామె 'గట్లాంటామె ఉండె, ఇంటికి పోయిందని విన్న' అన్నదట. ఆమెనో, ఇంకో రమణినో, ఎవలకెరుక? తల్లి గా నడుమల్నే సచ్చిపోయింది. అటెనుక ఊరికి పోయెటప్పుడు నోట్సు నాకిచ్చి పోయిండు. నేను కూడబలుక్కొని చదివిన. సముద్రం నడుమ కోట, అండ్ల ఉత్తరం సిపాయిలు, బుక్కెడు బువ్వ అయిపోవట్టింది. బువ్వ పడవ వస్తున్నదని తెలువంగనే ఒడ్డు మీది దక్షిణపోళ్లు తెల్లారకముందే ఫిరంగి పేల్చిండ్రు. ముప్పై నాలుగు గంటలు పేలినా ఒక్క మనిషి సావలేదట. అటెనుక నాలుగేండ్లు, ఆరు లక్షల పైన సచ్చిండ్రు. నీ ఫోన్ల గట్లనే చెప్పిండ్రా? ఆఁ, లచ్చన్న నోట్సుల తప్పుండదు.

ఊర్లె పోయినంక కథ చెప్పుమని కులపోళ్లు ఎంతడిగినా చెప్పలేదట. లివర్ ఖరాబైంది, తాగుడు సుత లేదు పాపం. పానం పోయెటందుకు నెల ముందట ఫోన్ చేసిండు. నేను మస్తు సంబరపడ్డ. అటిటు మాట్లాడిండు, పానం మంచిగున్నదా, సైటు యాడ, ప్రభాకర్ మాట్లాడుతున్నడా అని. మాట్లాడుతున్నడన్న. ఇగ ఫోన్ పెడ్తడు అనుకున్న, పెట్టలే. 'రఘుపతీ' అన్నడు. 'ఆఁ, చెప్పు లచ్చన్నా' అన్న. 'గా దినం నీ దిక్కు ఎందుకు తిరిగిన్నో ఎరుకేనా? నా నోటికెల్లి వచ్చిన మాట తప్పని నాకే అనిపిచ్చింది. నువ్వన్న అడుగుతవనుకున్నరా, గదెట్ల లచ్చన్నా అని.'

...

బెండకాయలున్నయా? పొద్దుమీకి ఏం వండుదాం మరి?