దాలమ్మ బుగ్గలూ పెసిడెంటు సంతకం

దాలమ్మ బర్మాలోనే పుట్టింది, బర్మాలోనే మొగుణ్ణి పోగొట్టుకుంది. అక్కడ మనోళ్లని ఉండనివ్వకపోతే ఇద్దరాడగుంటల్నీ ఎంటేసుకుని ఓడెక్కి ఒచ్చీసిందంట. కాందిశీకులంటారే, ఆళ్లు. తాతలది ఈ పక్కేనంట గానీ ఏ ఊరో తెల్దు. రెండేళ్లు కేంపులో పడున్నాక గవర్నమెంటోళ్లు మన బీడులో ఇరవై ఇళ్లు కట్టించి, ఇరవై కుటుంబాల్ని తెచ్చి దింపినారు. పెంకుటిళ్లు. ఇప్పుడు కూలిపోనాయి గానీ అప్పుడు పెళ్లికూతుళ్లలాగుండేవనుకో. పంచాయితీ ఒప్పుకుని కాయితం మీద సంతకం పెడితేనే ఆ ఇళ్లు ఆళ్లయి, లేపోతే మళ్లీ లారీ ఎక్కించి ఎక్కడో అడవిలో ఇంకో కేంపుకి తోలీడమే. ఒప్పుకున్న పంచాయితీకి గవర్నమెంటు మంచినీళ్ల బావి తవ్వించి ఇస్తాదంట. మనూరోళ్ల సంగతి తెల్సు కదా! బావి కావాల, మనుసులొద్దు. పశువులు మేసే బీడు పోతాదని ఒకటే గోల.

అప్పుడు పెసిడెంటు పాపునాయుడు. మంచోడే గానీ నోరు మా సెడ్డది. "నానెల్లి సెప్పీసొస్తాను, రేపు లారీ ఒస్తాది, మూటలు కట్టుకోమని" అనీసి కర్ర పట్టుకుని బయల్దేరినాడు. మొదటిల్లు దాలమ్మది. ఏటయ్యిందంటే, ఒరే ఆ గుసగుసలాపండ్రా, ఇక్కడే ఉన్నాది అసలు సంగతి, బర్మా ఆడోళ్లకి ఒక అలవాటున్నాది. ఒక సెట్టు సెక్కని రాయి మీద అరగదీసి, పసుప్పచ్చగా ఉంటాదిలే, ఆ గంధం బుగ్గలకి పూసుకుంటారు, ఎండ తగలకుండా. దాలమ్మకి ఆ ఎండలకి మొకమంతా సెమటకాయలు పేలిపోనాయి. దాని మీద ఈ గంధం దట్టంగా రాసీసి గుమ్మంలో కూకునుంది. నాయుడు సూసినాడు. సూసీసరికి సేతిలో కర్ర కింద పడిపోనాది. మనకి తల్లి పోస్తే, అదే ఒళ్లంతా పొక్కులొచ్చే అమ్మోరు, మొకానికి ఏపాకూ పసుపూ నూరి రాయమేటి? అదే అనుకున్నాడు. "ఓలమ్మా, ఈ ఇంటికి తల్లి ఒచ్చీసిందిరా బాబో!" అని జోళ్లిప్పీసి సాష్టాంగం పడిపోనాడంట. పొమ్మనడానికొచ్చినోడు "తల్లీ, సల్లగా సూడమ్మా" అనుకుంటూ ఎనక్కెనక్కి నడిసి ఎల్లిపోనాడు.

ఇంకేటి! పొద్దు గుంకకముందే గుమ్మానికి ఏపరెమ్మలు, కుండతో మజ్జిగ, సద్దన్నం. తల్లి ఉన్న ఇంటిని కసురుకోకూడదు, నీళ్లు పోసేదాకా ఆ ఇంట్లోళ్లని ఊరు దాటించకూడదు, మన కట్టు అది. దాలమ్మకేటీ తెల్దు. మజ్జిగిస్తే తాగింది పాపం, ఎన్నాళ్లయ్యిందో తాగి. ఆనక పెద్దగుంట ఆడోళ్ల మాటలినొచ్చి, "అమ్మా, నీకు తల్లి పోసిందనుకుంటన్నారే" అని సెప్పింది. నిజం సెప్తే లారీ. సెప్పకపోతే తల్లి పేరు మీద దొంగతనం. ఏటి సెయ్యాల? మీరైతే ఏటి సేస్తారు? ఆ మజ్జిగ కుండకేసి సూస్తా కూకుందంట.

మర్నాడు పొద్దున్నే తాసిల్దారు లారీ ఏసుకుని ఒచ్చినాడు. నాయుడు అడ్డంగా నిలబడిపోనాడు, ఈ ఇంటిని కదిపితే ఊరు ఊరుంటాదేటి బాబూ, కదపనివ్వను అని. తాసిల్దారుకి ఒళ్లు మండింది. "మొన్న వద్దన్నదీ నువ్వేగా? ఒక ఇల్లు ఉంచి మిగతావి తీసుకెళ్లమంటే కుదరదయ్యా. ఇరవై కలిపి ఒకటే కాయితం. ఉంచుకుంటే సంతకం పెట్టు, లేదంటే అడ్డు లే" అన్నాడు. నాయుడు కలం తీసినాడు. అప్పుడు పరిగెత్తుకొచ్చింది దాలమ్మ. పమిటతో బుగ్గ గట్టిగా తుడిసీసి, "ఆగండి బాబూ! ఇది తల్లి కాదు, మా దేశపు సెక్క గంధం. ఇయి ఒట్టి సెమటకాయలు. నాకు ఇల్లు కావాల బాబూ, నా గుంటల్ని ఇంకో లారీ ఎక్కించలేను. అలాగని తల్లి పేరు సెప్పి తీసుకోలేను" అని భోరుమంది.

ఊరంతా నోరెళ్లబెట్టింది. ఎనకాల ఎవుడో కిసుక్కున నవ్వి, "పెసిడెంటుగారు గంధానికి మొక్కినారంటరోయ్" అన్నాడు. నాయుడి మొకం కందగడ్డయిపోనాది. "నోర్ముయ్యండెహె! తల్లి ఉన్నాదో నేదో నాకు తెల్దా? తల్లే ఆవిడ నోట అలా పలికించి మనల్ని పరీచ్చ సేస్తన్నాది!" అని అరిసీసి, బరబరా సంతకం గీకీసినాడు.

ఇరవై ఇళ్లూ నిలబడినాయి. లారీ ఖాళీగా ఎల్లిపోనాది. ఊరి పెద్దలు ఎంతో సహకరించినారని తాసిల్దారు పైకి రాసినాడంట, బావీ ఒచ్చింది. పరువు పోతాదని పెట్టినాడు గానీ నాయుడికేటి జాలి అంటారు మనోళ్లు. నానొప్పుకోను. ఆ లారీ అలా ఎల్లగానే ఆయన దాలమ్మ దగ్గిరికెల్లినాడు. ఎల్లి దణ్ణమెట్టినాడేటి? ఎట్టనేదు. "ఇంక ఇది నీ ఇల్లు. తాళంకప్ప ఉన్నాదా అమ్మా? లేపోతే మా ఇంట్లో ఒకటున్నాది, పట్టుకెల్లు" అన్నాడంట. తల్లికి తాళంకప్పెందుకు, సెప్పండి మరి!