టెనెసీలో గ్యారీ పక్కిల్లు

"నేను టెనెసీ వెళ్ళి చేసిందేముందిలే, కాస్త గడ్డి కోశాను. పెద్ద గొప్పేం కాదు," అన్నాడు డ్వైట్, కాఫీలో డోనట్ ముంచుతూ.

డ్వైట్ 'గొప్పేం కాదు' అన్నాడంటే ఇంక కోతలు మొదలైనట్టే. మొడెస్టోలో నా డోనట్ కొట్టు తెరవగానే వచ్చి కిటికీ పక్కన కూర్చునే ఇద్దరిలో ఆయనొకడు, రెండోవాడు రస్. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు, టమాటాలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో కలిసే పనిచేశారు, కలిసే రిటైరయ్యారు.

ఆ పొద్దున రస్ మొహంలో కళ లేదు. డ్వైట్ బావమరిది గ్యారీ ఇక్కడ కాలిఫోర్నియాలో ఇల్లమ్ముకుని టెనెసీ పోయాడు కదా, ఇప్పుడు అక్కడ అతని పక్కిల్లు అమ్మకానికొచ్చింది. కొంటావో మానేస్తావో మధ్యాహ్నంలోగా తేల్చమని రస్‌కి చెప్పాడు ఏజెంటు. ఇక్కడి ఇల్లు అమ్మితే అక్కడి ఇల్లు వచ్చి, చేతిలో ఇంకా మిగులుతుంది. పెట్రోలు చవక, కరెంటు చవక, జీతం మీదా పింఛను మీదా ఆ రాష్ట్రం పన్ను వెయ్యదు. లెక్కలన్నీ వెళ్ళమనే అంటున్నాయి, రస్ నోటివెంటే ఆ మాట రావట్లేదు.

"చూసొచ్చినవాడివి, నువ్వు చెప్పరా, అక్కడెలా ఉంటుంది?" అని డ్వైట్‌నే అడిగాడు.

అడగరానివాణ్ణి అడిగాడు. గ్యారీ పేరెత్తితే చాలు డ్వైట్‌కి కడుపు మండిపోతుంది. వచ్చే ఏడాది అరిజోనా పోతున్నా, ఆ పై ఏడాది ఐడహో పోతున్నా అని ఊరంతా టాంటాం వేసుకున్నది డ్వైట్. నోరెత్తకుండా సామాను ట్రక్కుకెక్కించి వెళ్ళిపోయింది మాత్రం గ్యారీ.

"అసలు ఆ గ్యారీగాడికి అంత ఇల్లెందుకురా?" అని అందుకున్నాడు డ్వైట్. "ఇక్కడ వాడి పెరట్లో కుర్చీ వేసుకుంటే కాళ్ళు పక్కింట్లో పెట్టాల్సొచ్చేది. అక్కడ ఐదెకరాలు! వాడి మొహానికి ఐదెకరాలు! నేను వెళ్ళిన మర్నాడే 'బావా, కాస్త గడ్డి కోసిపెడతావా' అన్నాడు. మనం కూర్చుని నడిపే మిషన్. సరేలెమ్మని ఎక్కాను. గుమ్మం దగ్గర మొదలెట్టి, కంచె దాకా పోయి, వెనక్కి తిరిగేసరికి ఏమైందో తెలుసా? గుమ్మం దగ్గర నేను కోసిన గడ్డంతా మళ్ళీ మోకాలెత్తు లేచింది! ఆ వానలూ ఆ ఉక్కా అలాంటివి మరి. మళ్ళీ అటు పోయాను, మళ్ళీ ఇటొచ్చాను. చివరికి పొద్దుగూకింది, దారి తప్పాను."

"పెరట్లోనా?" అన్నాను నేను.

"పెరట్లోనే తల్లీ! నాకెదురుగా ఇంకో మిషన్ మీద ఇంకొకడొచ్చాడు. గడ్డం బొడ్డుదాకా పెరిగింది పాపం. 'ఏమయ్యా, ఇల్లెటు' అంటే 'నేనూ దాన్నే వెతుకుతున్నా, పాత ఓనరు నన్ను గడ్డి కొయ్యమన్నాడు' అన్నాడు."

రస్ నవ్వాడు. డ్వైట్‌కి అది గిట్టలేదు. భయపెడదామని మొదలెట్టింది కదా.

"నవ్వకురా! ఇంట్లోకొస్తే బాగుంటుందేమో అనుకున్నావా? మా ఆవిడ మ్యాక్సీన్ పొద్దున్నే వంటింట్లోంచి కాఫీకి పిలిచింది. ఆ కేక నా గదికి చేరేసరికి ఆవిడ మధ్యాహ్నం భోజనం వడ్డిస్తోంది. నేను నడిచి వెళ్ళేసరికి గిన్నెలు కూడా కడిగేసుకుంది! గ్యారీ పెళ్ళాం ఒక గదికి ఇంకా తలుపే తెరవలేదట, తీరిక లేక. పైగా ఏసీ ఆపరు. హాల్లో మంచు కురుస్తోంది, ఒట్టు! గ్యారీ లేచీ లేవగానే పార పట్టుకుని సోఫాకి దారి చేస్తాడు."

"మరి కరెంటు బిల్లు?" రస్ కొంచెం ముందుకి జరిగాడు.

"అదేరా నా ఏడుపు! బిల్లు కాదు, మనిషొస్తాడు. 'ఇంతేనా అండీ వాడుకునేది, మా మీద కోపమొచ్చిందా' అని బతిమాలతాడు. గుడ్లు కొందామని కొట్టుకెళ్తే, డబ్బులివ్వబోతే కొట్టువాడు చిన్నబుచ్చుకుని కోడిని కూడా సంచీలో పెట్టాడు. పెట్రోలు బంకులో అయితే నేను వద్దు మొర్రో అంటున్నా కారంతా నింపి, జేబుల్లో కూడా పోస్తామన్నారు."

"డ్వైట్ గారూ, ఇంతకీ మీరు తిడుతున్నారా, పొగుడుతున్నారా?" అన్నాను.

"తిడుతున్నానమ్మా, వినిపించట్లేదా? ఇవన్నీ గ్యారీగాడికా! చిన్నప్పట్నుంచీ వాడంతే. నేను ఎండలో లైన్లో నిల్చుంటే వాడికెవడో వెనక తలుపు తీస్తాడు." టేబుల్ మీద ఒక్క చరుపు చరిచాడు. "సరే, మనుషుల సంగతి విను. ఇక్కడ మన పక్కింటివాడు మనతో మాట్లాడేదెప్పుడు? మన కుక్క మొరిగినప్పుడు. అది కూడా తలుపుకి కాగితం అంటించి పోతాడు. అక్కడ కొత్తగా ఎవరొచ్చినా చుట్టుపక్కల ఆడవాళ్ళు ఓవెన్లో ఏదో ఒకటి వండి, గాజు పళ్ళెంతో సహా తెచ్చిస్తారు. మేం దిగిన రాత్రి కూడా తెచ్చారు. తెల్లారి తలుపు తోస్తే రాదు! ఎందుకు రాలేదో తెలుసా? చూరుదాకా పళ్ళేలు! చికెనూ, చీజూ, చిలగడదుంపలూ! నేనూ మ్యాక్సీనూ తింటూ తింటూ సొరంగం తవ్వుకుని బయటపడ్డాం. అంతటితో అయిందా? పళ్ళెం ఖాళీగా తిరిగివ్వకూడదట. మనమేదో వండి ఇస్తే, వాళ్ళు మళ్ళీ నింపి పంపిస్తారు. పళ్ళేలు పట్టుకుని తిరిగేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటున్నారని వాళ్ళ కోసం ఊళ్ళో వేరే సిగ్నల్ లైటు పెట్టారు."

"అయితే అందరూ పలకరిస్తారన్నమాట," అన్నాడు రస్ నెమ్మదిగా.

"పేరు పెట్టి పలకరిస్తారు! గ్యారీని! ఇక్కడ వాడి పేరు వాడి కుక్కక్కూడా తెలీదు. అక్కడ వాడు వీధిలోకొస్తే కార్లాపి చేతులూపుతారు. నాకు ఒళ్ళు మండిపోయిందిరా. అయినా వాళ్ళు గ్యారీని ఎందుకు గౌరవిస్తారో తెలుసా? నా బావమరిది అని. ఆ గడ్డి కోసింది నేనని అప్పటికే ఊరంతా పాకిపోయింది. మేయరు బ్యాండు మేళంతో వచ్చాడు. ఊరి పేరు మార్చి నా పేరు పెడతామన్నాడు. బోర్డు కూడా రాయించి తెచ్చారు, రంగు ఇంకా ఆరలేదు. వద్దంటే వినరే! ఉండిపొమ్మని కాళ్ళావేళ్ళా పడ్డారు. చివరికి ఆ గ్యారీ పక్కింటి తాళాలు పట్టు గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. తీసి వాళ్ళ మొహాన కొట్టాను. ఊరికే ఇచ్చినా ఆ గుమ్మం తొక్కను, పొండి అన్నాను."

ఊపిరి పీల్చుకుని, డోనట్ కోసం చూశాడు. అది ఎప్పుడో కాఫీలో మునిగిపోయింది.

రస్ కప్పు పక్కన పెట్టాడు. "డ్వైట్, నిన్న గ్యారీతో మాట్లాడానురా. నువ్వక్కడున్నన్నాళ్ళూ పొద్దున్నే టేపు పట్టుకుని ఆ ఖాళీ ఇంట్లోకి వెళ్ళేవాడివట. కిటికీలన్నీ కొలుచుకున్నావట. బయల్దేరే రోజు మ్యాక్సీన్ చెయ్యి పట్టుకుని లాక్కొస్తే, ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చావట."

"గ్యారీగాడు అబద్ధాలకోరు," అన్నాడు డ్వైట్. చెంచాతో కాఫీలో డోనట్ కోసం దేవాడు.

"నేను ఏజెంటుకి ఇంకా మాటివ్వంది అందుకేరా. భయమేసి కాదు, ఇల్లు నచ్చకా కాదు. నీకు మనసుంటే తప్పుకుందామని. పొద్దున్నుంచీ నీ నోటివెంట ఆ మాట వస్తుందేమోనని చూస్తున్నాను. ఇప్పుడైనా చెప్పు. నీకు కావాలా?"

నేను గుడ్డతో తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాను. డ్వైట్ కిటికీలోంచి రోడ్డు కేసి చూశాడు. మళ్ళీ ఏదో కోత కోస్తాడనుకున్నాను.

"కావాలి," అన్నాడు. "కానీ మనవరాళ్ళని వదిలి మ్యాక్సీన్ రాదు. ఆవిడ లేకుండా నేనెక్కడికి పోతానురా? కొనుక్కో. నాకు కుళ్ళుగా ఉంది. గ్యారీ మీద కన్నా నీ మీద ఎక్కువ కుళ్ళుగా ఉంది, కావాలంటే రాసిస్తాను. అయినా కొనుక్కో."

 రస్ డ్వైట్ భుజం మీద చెయ్యి వేసి, రెండో చేత్తో ఏజెంటుకి ఫోన్ చేశాడు. తీసుకుంటున్నానని చెప్పి పెట్టేశాడు. 

"రస్," అన్నాడు డ్వైట్, తలెత్తకుండా. "నీ వంటింటి తెరలు అక్కడికి పట్టుకెళ్ళకు. ఆ కిటికీకి జానెడు తక్కువొస్తాయి."