సుద్దపొడి అతుకు

చీరాలలో నలభై ఏళ్ళు మగ్గం నేసిన అమ్మమ్మ, సింగపూర్ బుకిట్ బటోక్ ఫ్లాట్‌లో రేపటి తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటుంటే, మనవరాలు బడిలో నేసిన పట్టీ తెచ్చి ఒళ్ళో పెట్టింది.

“నాలుగు వేళ్ళ గుడ్డ! ఎవరు కట్టుకుంటారే?”

“ఘానాలో ఇలాంటివి పక్కపక్కన కుట్టి కప్పుకుంటారు, అమ్మమ్మా. అక్కడి సారే నేర్పుతున్నారు.”

ఆవిడ వేలు ఒకచోట ఆగింది. “ఇక్కడ పోగు తెగింది కదూ?”

“ఎలా తెలిసింది? సార్ ముడెయ్యడానికి వస్తే తెగిన చోటే దొరకలేదు! నువ్వు చూపించినట్టే మెలేసి అతికా. నువ్వద్దుకునే బూడిద లేదుగా, వేళ్ళకి సుద్దపొడి అద్దుకున్నా.”

“ఎవరు నేర్పారని అడగలేదా?”

“మా అమ్మమ్మ అన్నా. గురువారం నిన్ను క్లాసుకొచ్చి అందరికీ చూపించమన్నారు.”

“నాకు ఇంగ్లీషేదే?”

“వేళ్ళు చాలు. క్యాన్ లా, నువ్వు చెయ్యగలవు అమ్మమ్మా!”

ఆవిడ పెట్టె మూసి పక్కకు నెట్టింది.

“మీ నాన్నకి పేజర్ కొట్టు. ఫోన్ చేశాక నా టిక్కెట్టు వారం జరపమను.”