వెనక తలుపు తీయించిన వైర్ల మావయ్య

"ముందు టీ తాగు అల్లుడూ, కంగారుపడకు. నీ టాక్సీ వెనక తలుపు బయటినుంచి తీస్తే వస్తోంది, లోపలినుంచి లాగితే రావట్లేదు, అంతేగా? ఎక్కినవాళ్ళు తమని ఎత్తుకుపోతున్నావని గగ్గోలు పెడుతున్నారు, సాయంత్రంలోగా బాగుచేయించకపోతే టాక్సీ ఇంకొకడి చేతికిస్తానని ఓనరు అన్నాడు. ఇంతమాత్రానికే మొహం వేలాడేస్తావా? డ్రైవరు పనికి కొత్త కాబట్టి నీకు తెలీదు గానీ, ఈ వైర్ల మావయ్య చెయ్యి పడ్డాక మొరాయించిన కారు తాళం ఇంతవరకు లేదు. గొప్పలు చెప్పుకోవడం నాకు అస్సలు పడదనుకో."

"అవునవును, పాపం," అంది టీ కొట్టు అక్క, గ్లాసులు కడుగుతూ.

"మొదట ఒక పంతులమ్మ కారొచ్చింది. మీట నొక్కితే మూడు తలుపులకి తాళం పడుతుంది, నాలుగోది నా ఇష్టం అంటుంది. వేరే మెకానిక్కులు ఫ్యూజు మార్చారు, మోటారు మార్చారు, ఆవిడ ఓపిక పోగొట్టారు. నేనేం చేశాను? తలుపుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది చూడు, తలుపు తీసినప్పుడల్లా అందులో వైరు వంగుతుంది, వంగి వంగి దాని నడుం విరుగుతుంది. గొట్టం జరిపాను, తెగిన వైరు కలిపాను, టక్! తలుపు దారికొచ్చింది."

"ఇది నిజంలాగే ఉందే," అన్నాడు పక్క బల్ల మీది దర్జీ అనుమానంగా.

"నిజమే మరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా చెవికి ఆ టక్కు అలవాటైపోయింది. టక్ అంటే బాగున్నట్టు, టిక్ అంటే మోటారు నీరసపడ్డట్టు, ఏమీ అనకపోతే వైరు తెగినట్టు. సముద్రం అవతలినుంచి ఒకాయన ఫోను తలుపుకి ఆనించాడు, నేను ఇక్కడ అన్నం తింటూనే 'ఎడమ పక్క, నల్ల వైరు' అన్నాను. ఆయన విప్పి చూసి ఫోనులోనే దండం పెట్టాడు!"

"ఫోనులో దండం ఎలా కనబడింది మావయ్యా?" అన్నాడు డ్రైవరు.

"వినబడిందిరా. చెవి అలాంటిది! ఆ తర్వాత ఓ పెద్ద వ్యాపారస్తుడు కార్లో ఇరుక్కుపోయాడు. అద్దాలు దిగవు, తాళాలు రావు, లోపల ఆయన టై ఊడదీసి విసనకర్రలా ఊపుకుంటున్నాడు. ఎర్త్ పోయిందని, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగెళ్ళే దారి తెగిందని, నాకు వినగానే తెలిసింది. వైరు తెచ్చే టైము లేదు. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి బ్యాటరీ మీద వేసి నేనే వైరునయ్యాను. కరెంటు నాలోంచి అలా నడిచి వెళ్ళింది, టక్ టక్ టక్ టక్, అన్ని తలుపులూ తెరుచుకున్నాయి, ఆయన నన్ను కౌగిలించుకుని షాక్ కొట్టి దూరంగా పడ్డాడు!"

దర్జీ టీ పొలమారి దగ్గాడు.

"అసలు సంగతి వినండి. ఆ కరెంటు ఒంట్లోనే ఉండిపోయింది. నేను వీధిలో నడిస్తే రెండు పక్కలా కార్లు తాళాలు తీసి సలాం కొట్టేవి. బ్యాంకు ముందు నించుంటే లోపల ఇనప తలుపు తెరుచుకుంది, మేనేజరు పరిగెత్తుకొచ్చి 'అయ్యా, మీరు వెనక వీధిలోంచి వెళ్ళండి' అని బతిమాలాడు. మీ అత్తయ్య ఇప్పటికీ నన్ను బీరువా గదిలోకి రానివ్వదు. ఒకరోజు మేడ మీద తుమ్మానా, పైన పోతున్న విమానంలో బాత్రూం తలుపు తెరుచుకుందట, లోపల ఉన్నాయన ఇంకా నామీద కోపంగానే ఉన్నాడు!"

"అలాగా తమ్ముడూ," అంది అక్క, "మరి అల్లుడి కారు ఇందాకట్నుంచీ నీ వీపు వెనకే ఉంది, ఒక్క తలుపూ టక్కుమనలేదేం?"

"కరెంటుని బిగపట్టుకున్నానక్కా! చూడండి, ఇప్పుడే తేలుస్తా. నాలుగు తలుపులూ విప్పాలేమో, వారం పట్టొచ్చు. ముందు లోపల కూర్చుని వింటాను."

వారం అనగానే డ్రైవరు మొహం పాలిపోయింది. మావయ్య దర్జాగా వెనక సీట్లో కూర్చుని తలుపు లాక్కున్నాడు, చెవి ఆనించాడు, తల పంకించాడు. కాసేపటికి దిగుదామని తలుపు పిడి లాగాడు, రాలేదు. భుజంతో నెట్టాడు. ముందు సీట్లోకి దూరబోతే పొట్ట అడ్డొచ్చింది. చివరికి అరుస్తూ అద్దం దబదబా బాదడం మొదలుపెట్టాడు.

అక్క తాపీగా చెయ్యి తుడుచుకుని వెళ్ళి బయటినుంచి తలుపు తీసింది. తలుపు అంచున ఉన్న బుల్లి మీటని టీ చెంచాతో కిందికి నెట్టింది. "ఇది పిల్లల తాళం, అల్లుడూ. పసివాళ్ళు కదిలే బండిలో లోపలినుంచి తలుపు తీయకుండా పెడతారు. మా మనవరాలు మా అబ్బాయి కార్లో దీంతోనే ఆడుతుంది. నీ బండి ఎక్కిన పిల్లలెవరో పైకి నెట్టుంటారు. ఇప్పుడు తలుపు మూసి, మీ మావయ్యని లోపలినుంచి లాగమను."

మావయ్య లాగాడు. తలుపు హాయిగా తెరుచుకుంది. డ్రైవరు సంతోషం పట్టలేక అక్క చేతులు పట్టుకున్నాడు, ఇక బండి తన చేతిలోంచి పోదు, సాయంత్రం ఓనరు ముందు తలెత్తుకుని నిలబడొచ్చు.

మావయ్య చొక్కా సర్దుకుంటూ మహారాజులా దిగాడు. "చూశారా? నేను చెయ్యి పెట్టానో లేదో, తలుపు ఎలా దారికొచ్చిందో!"

"అవును మావయ్యా," అన్నాడు డ్రైవరు నవ్వాపుకోలేక, "నువ్వు చెయ్యి పెట్టింది అద్దం మీద, 'అక్కా, నన్ను బయటికి తియ్యవే' అని అరవడానికి."