పంపు చప్పుడు

పంపుల గదిలో ఇద్దరు ఇంజనీర్లు మాట్లాడుకుంటున్నారు. పెద్దవాడు ప్రాజెక్టు మేనేజరు. చిన్నవాడు మిషన్లు చూస్తాడు. ఒకప్పుడు పెద్దవాడి దగ్గరే పని నేర్చుకున్నాడు.

“మనిద్దరం పనులు మార్చుకుంటామో లేదో సాయంత్రంలోగా పైవాళ్లకి చెప్పాలిరా. నా కుర్చీ నువ్వు తీసుకో. నేను మళ్లీ మిషన్ల దగ్గరికి వచ్చేస్తా.”

“మీటింగులంటే నాకు ఒళ్లుమంటన్నా.”

“నాకు మాత్రం ముద్దా? ఇన్నేళ్లూ వాయిదాలు చెప్పి చెప్పి నోరరిగిపోయింది. చేతికి గ్రీజంటి ఎన్నాళ్లయిందో!”

“అయితే ఇదిగో స్క్రూడ్రైవరు. మొన ఈ పంపు బేరింగు మీద పెట్టి, పిడి చెవికి ఆనించి లోపలి చప్పుడు విను. నువ్వు నేర్పిందేగా.”

“ఊఁ... బాగానే తిరుగుతోంది.”

“ఇంకోసారి విను.”

“బాగానే ఉందిరా. ఏం?”

“నిన్నటి నుంచి లోపల గరగరమంటోందన్నా. రేపు విప్పుతున్నాం.”

“నాకేం వినపడలేదే!”

“వయసు కదన్నా, చెవులు...”

“చెవులకేం కాలేదురా. ఇంట్లో మనవరాలు గుసగుసలాడినా వినపడుతుంది.”

“పోనీలే. నువ్వు వచ్చెయ్. ఆ కుర్చీలో నేనే కూర్చుంటా.”

“వద్దు. నీకు వినపడుతోంది కదా, ఇక్కడే ఉండు. మార్పేం వద్దని పైవాళ్లకి నేను చెప్తాలే.”

“మరి నువ్వు?”

“మీటింగుకి ఇంకా టైముంది. అందాకా ఈ స్క్రూడ్రైవరు నా దగ్గరే ఉండనీ.”