కుళాయి మిస్డ్ కాల్

2008, రాజమండ్రిలో ఒక హోటల్ గది. ఫండు తరఫున పెట్టుబడి పెట్టే గున్నేశ్వరరావు గారు ఒకవైపు. కంపెనీ పెట్టిన అక్కాతమ్ముళ్లు దుర్గాశ్రీ, గణేష్‌బాబు ఇంకోవైపు.

"ఆ గ్లాసు ఇలా ఇవ్వండి. ఈ తీగ నీళ్లలో పెడతానండీ. మీ సెల్లు చేతిలో ఉంచుకోండి."

"ఉంచుకున్నానమ్మా... ఆఁ, మోగుతోంది! ఎత్తనా?"

"ఎత్తకండెత్తకండి! ఎత్తితే మాకు డబ్బులు పోతాయి. రెండుసార్లు మోగి అదే ఆగిపోద్ది."

"ఆగిపోయింది."

"అంతేనండీ. మున్సిపాలిటీ వాళ్లు ఎప్పుడు నీళ్లొదులుతారో వాళ్లకే తెలీదు. ఈ డబ్బా కుళాయికి కట్టేస్తే, తీగ తడవగానే లోపలి సిమ్ము మిస్డ్ కాల్ ఇస్తుంది. ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని పడిగాపులు పడక్కర్లేదు."

"చాలా బాగుందమ్మా. అంతా నువ్వే చేశావా?"

"సర్క్యూటు వరకూ నాదండీ. ఇళ్లకి తిరగడం, మాట్లాడ్డం తమ్ముడు."

"అక్క పాలిటెక్నిక్‌లో లెక్చరర్ సార్. దీనికోసమే మానేసింది. మా కొవ్వూరులోనే నలభై ఇళ్లకి ఊరికే ఇచ్చాం. ఒక్క కంప్లైంటు లేదు సార్, ఒక్కటి!"

"కాలేజీ వాళ్లు మళ్లీ రమ్మంటున్నారండీ. సోమవారం లోపు చెప్పాలి. మీరు కాదంటే కంపెనీ మూసేసి వెళ్లిపోతాను."

"అక్కా, అదెందుకిప్పుడు? సార్, ఆ గ్రాఫు చూడండి..."

"గ్రాఫు తర్వాత చూద్దాం బాబూ. నిన్న నేను కొవ్వూరు వెళ్లొచ్చాను."

"కొవ్వూరా? చెప్తే నేనూ వచ్చేవాణ్ణి కదా సార్."

"చెప్పకుండా వెళ్లి చూడ్డమే మా పని. రత్నమాణిక్యం గారని, వాళ్లింట్లో కాఫీ ఇచ్చారు. తాగుతుండగా ఆవిడ సెల్లు మోగింది. 'కుళాయొచ్చిందండీ, ఇప్పుడే వస్తా' అని బిందె పట్టుకుని లేచారు."

"చూశారా సార్! చూశారా!"

"చూశాను బాబూ. డబ్బానీ చూశాను. షోకేసులో ఉంది."

"షోకేసులో..."

"అవునమ్మా. పెళ్లి ఫోటో పక్కన. పైన ప్లాస్టిక్ కవరు, కవరు మీద పసుపు బొట్టు."

"సార్, కాఫీ ఏవన్నా చెప్పమంటారా?"

"వద్దు బాబూ. ఇంకో ఇంట్లో బీరువాలో, పట్టుచీరల మధ్య పెట్టారు. ఇంకోచోట టీవీ మీద, లేసుగుడ్డ కప్పి. కుళాయికి కట్టలేదేం తల్లీ అంటే, 'ఇంత మంచి వస్తువు తీసుకెళ్లి నీళ్లలో పెడతామేంటండీ, పాడైపోదూ?' అన్నారు. వాళ్లననడానికి లేదు. మాది పాలకొల్లే. మా అమ్మగారు ఫ్రిజ్జు కవరు ఏళ్ల తరబడి తియ్యనివ్వలేదు."

"ఏవో ఒకటి రెండు ఇళ్లు సార్..."

"నేను వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అంతే. కానీ అందరి ఫోన్లూ మోగుతున్నాయి. అందరి సెల్లుల్లోనూ 'కుళాయి' అని ఒకటే నంబరు ఉంది. డబ్బాకో సిమ్ము ఉండాలి కదా బాబూ?"

"అదీ... సిగ్నల్ ప్రాబ్లమ్ వల్ల సార్, అన్నీ ఒకే నంబరుకి..."

"గణేష్. చెప్పెయ్."

"ఏం చెప్పనక్కా?"

"ఆయన అడిగింది చెప్పు."

"...ఆ నంబరు నాది సార్. నేనే చేస్తున్నా. వాకింగని చెప్పి పొద్దున్నే వీధి చివర పంపు దగ్గర కూర్చుంటా. నీళ్లు రాగానే అందరికీ వరసగా కొడతా."

"ఎప్పట్నుంచి బాబూ?"

"ఇచ్చిన మరుసటి వారం నుంచే. ఛార్జింగు పెడుతున్నారా అని వెళ్తే బీరువాలు తీసి చూపించారు. అక్కతో ఎలా చెప్పను సార్? భయమేసింది. అక్కా, తిట్టు."

"ఏం తిట్టను. నాకేం అనిపించట్లేదురా. ఏసీ కొంచెం తగ్గిస్తారా అండీ?"

"తగ్గిస్తానమ్మా... ఇదిగో. నేనో మాట చెప్తాను, కష్టపెట్టుకోకు. వాళ్లకి డబ్బా అక్కర్లేదు. మిస్డ్ కాల్ కావాలి. అది ఆగిపోతే ఎలాగండీ అని నన్నే అడిగారు. వీధికో మనిషి, చేతిలో ఓ సెల్లు. కాకినాడ, ఏలూరు, భీమవరం... దానికైతే మా ఫండు డబ్బు పెడుతుంది."

"డబ్బా వద్దన్నమాట."

"వద్దమ్మా."

"మరి అక్క?"

"ఉంటుంది బాబూ. కంపెనీలో పేరుంటుంది."

"చెయ్యడానికి పనేం ఉండదు కదండీ."

"నేను కిందకెళ్లి కారుకి చెప్పొస్తాను. ఈలోపు మీరిద్దరూ మాట్లాడుకోండమ్మా."

"...వెళ్లిపోయారు. అక్కా, వద్దని చెప్పేద్దాం."

"ఎందుకు? ఒప్పుకో."

"నువ్వో?"

"సోమవారం కాలేజీకి వెళ్తాను."

"రెండేళ్లు చేశావక్కా! చేతులు కాల్చుకుని..."

"ఆ తీగ చుట్టరా. గ్లాసులో నీళ్లు పారబొయ్యి."

"నావల్లే అంతా. మొదట్లోనే చెప్పుంటే ఏదో ఒకటి మార్చేదానివి."

"సర్లే."

"సర్లే ఏంటక్కా! ఏడువు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి. ఒక్కటి మాత్రం నమ్ము. మనింట్లో డబ్బా నిజంగానే పనిచేస్తోంది. అమ్మ సెల్లుకి నేనెప్పుడూ కొట్టలేదు. అమ్మకి మోగేది నీ డబ్బాయే. ఒట్టు."

"ఒట్టెయ్యకురా. మనింటి డబ్బాలో సిమ్ము దసరాకే తీసి, ఇందాక ఆయనకి చూపించిన ఈ డబ్బాలో వేశాను. ఆ మర్నాడు పొద్దున్న కూడా అమ్మ సెల్లు మోగింది."