మెయిన్ ఆపని చెయ్యి

విరుదునగర్‌లో వైర్‌మన్ లైసెన్సు పరీక్షకు పోయిన వీరసామి, కోవిల్‌పట్టి ఇంటికి నిప్పులు తొక్కినట్టు వచ్చాడు. భార్య చిన్నతాయి నీళ్ళ చెంబుతో వాకిట్లోనే ఎదురైంది.

"నీళ్ళు వద్దు, పక్కకు పోమ్మే!"

"గొంతు తడుపుకో మామా. లైసెన్సు ఏమైంది?"

"మట్టి అయింది."

"అయ్యో! మిల్లు మూతపడె, లైసెన్సు లేకుంటే ఏ కంట్రాక్టరూ పిలవడంటివే..."

"నాకు తెలీదా? తల నెరిసేదాకా మిల్లు కరెంటంతా చూసినోణ్ణి! నన్ను ఫెయిల్ చేసేకి వాడెవడు?"

"ఎవరు మామా?"

"పరీక్ష పెట్టే సారు. మన బిడ్డ కార్తిక ఈడు వాడు. మీసం కూడా సరిగా మొలవలా."

"ఏం చెయ్యమన్నాడు?"

"బోర్డులో స్విచ్చి మార్చమన్నాడు. అంతే గదా! పాండి టెస్టర్ తీసినాను..."

"మా తమ్ముడిదే గదా? మిల్లులో షాక్ కొట్టి వాడు పోయినప్పట్నించి దాచిపెట్టి, పొద్దున నీ చేతికిస్తిని. వాడే తోడుంటాడని."

"ఆమా, బాగా ఉన్నాడు తోడు! ఒక స్క్రూ విప్పినానో లేదో, ‘లెయ్యండి, చాలు’ అన్నాడు ఆ సారు. అందరి ముందర!"

"ఎందుకంట?"

"మెయిన్ స్విచ్చి ఆపలేదంట."

"ఆపలేదా?"

"ఎందుకాపాల? మిల్లులో మెయిన్ ఆపితే మిషన్లు నిలుస్తాయి, నూలు తెగతాది, మేనేజర్ తోలు తీస్తాడు. రబ్బరు చెప్పులు తొడుక్కో, ఎడమ చెయ్యి వీపెనక పెట్టుకో, ఒంటి చేత్తో పని కానీ. అదే మా చదువు! అది ఆ పిల్లకాయకి ఏం తెలుసు?"

"ఒక్కనాడన్నా ఆపలేదా మామా?"

"ఆపినోడు మరునాడు పనిలో ఉంటాడా?"

"నువ్వు సరే. మిగతావాళ్ళు?"

"చెవుడా నీకు? ఎవడూ ఆపడు! నా కింద పని నేర్చినోళ్ళకంతా మొదటి దినమే చెప్పేది అదే. మెయిన్ జోలికి పోతే చెయ్యి ఇరుస్తానని!"

"అందరికీ చెప్పినావా?"

"అందరికీ! ఏమ్మే... చెంబు ఎందుకట్లా వదిలేసినావు? నీళ్ళన్నీ పోయె."

"మామా, మా పాండికి పని నేర్పింది నువ్వే. వాడు మెయిన్ ఆపినాకే చెయ్యి పెట్టినాడు, ఎవడో తెలీక మళ్ళీ వేసేసినాడు అని, పీనుగ ముందర నిలబడి మా అమ్మకు చెప్పింది ఎవరు?"